పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ టకటకమంటోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

రాత్రంతా నిలిపి ఉంచిన కారు పొద్దున సెల్ఫ్ కొట్టగానే సుత్తితో కొట్టినట్టు చప్పుడు చేస్తే ఎవరికైనా గుండె జారుతుంది. ఆ భయంలో తొందరపడి ఇంజిన్ దింపించినవాళ్లు చాలామంది ఉన్నారు. నా పాత పెట్రోలు కారు విషయంలోనూ ఒక షెడ్డులో అదే మాట అన్నారు: "బేరింగులు పోయాయి సార్, ఇంజిన్ దించాల్సిందే." చివరికి తేలింది ఏమిటంటే, లోపం కొన్ని వందల రూపాయల ఆయిల్ ఫిల్టర్‌లో ఉంది. అందుకే ఇప్పుడు ఎవరు ఈ సంగతి ఎత్తినా నేను ముందు అడిగేది ఒకటే: ఆ చప్పుడు ఎంతసేపు వచ్చింది?

ఎంతసేపు వచ్చిందన్నది అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. రెండు మూడు సెకన్లలో టక్కున ఆగిపోయే చప్పుడు వేరు, ఇంజిన్ వేడెక్కేకొద్దీ నాలుగైదు నిమిషాల్లో మెల్లగా తగ్గేది వేరు, వేడెక్కాక ఇంకా పెరిగేది వేరు. మొదటిది చాలావరకు ఆయిల్ పైకి చేరడంలో ఆలస్యం. రెండోది పిస్టన్ వదులు కావచ్చు, ఎగ్జాస్ట్ ప్యాకింగ్ లీకు కావచ్చు. మూడోదానికి మాత్రం నిజంగా భయపడాలి.

చిక్కేమిటంటే మీరు కారును షెడ్డుకు నడుపుకుంటూ వెళ్లేసరికి ఇంజిన్ వేడెక్కి ఉంటుంది, చప్పుడు మాయమవుతుంది, మెకానిక్ చెవి పెట్టి విని "ఏమీ లేదు సార్" అంటాడు. ఆయన తప్పేమీ లేదు. కాబట్టి ముందు రోజు రాత్రే సిద్ధం కండి. పొద్దున బానెట్ తెరిచి ఇంజిన్ దగ్గర ఫోను పెట్టి రికార్డింగ్ మొదలుపెట్టండి. ఇంట్లో ఇంకెవరినైనా తాళం తిప్పమనండి. వీలైతే ఇంకో ఫోనుతో డ్యాష్‌బోర్డు కూడా తీయండి, ఎర్రటి ఆయిల్ దీపం ఏ క్షణాన ఆరిందో అందులో తెలుస్తుంది. అరగంట సేపు మాటల్లో వర్ణించినదాని కంటే ఈ రెండు వీడియోలు మెకానిక్‌కు ఎక్కువ పనికొస్తాయి. ఇంకా మంచి పద్ధతి, ఒక రాత్రి కారును షెడ్డులోనే వదిలి, పొద్దున మొదటి స్టార్ట్ ఆయన్నే చేయమనడం.

ఇంట్లో నేను చేయగలిగిన మొదటి పని ఏమిటి?

ఆయిల్ చూడటం. బండి చదునైన చోట ఉండాలి, రాత్రంతా ఆగి ఉంటే మరీ మంచిది. ఆయిల్ మట్టం చూపే పుల్ల, అంటే డిప్ స్టిక్, తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి తీయండి. కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా చాలా కార్లలో సుమారు ఒక లీటరు ఉంటుంది. ఆయిల్ కింది గీత దగ్గరో, ఇంకా కిందో ఉంటే ముందు అదే రకం ఆయిల్ కొద్దికొద్దిగా పోసి పై గీత లోపు నిలపండి. పై గీత దాటించొద్దు. ఎక్కువైన ఆయిల్‌ను అడుగున తిరిగే క్రాంక్ చిలికి నురగ చేస్తుంది. గాలి కలిసిన ఆయిల్ వాల్వులను కదిపే టాపెట్లలోకి వెళితే అదీ టకటకకు కారణమే.

ఆయిల్ నల్లగా ఉంటే కంగారు పడకండి, డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే మాత్రం నీళ్లు కలిశాయని అర్థం, స్టార్ట్ చేయొద్దు. పెట్రోలు వాసన గట్టిగా వస్తుంటే ఆయిల్ పలచబడిందని అర్థం, మార్పించండి.

రెండు మూడు సెకన్లు గట్టిగా మోగి ఆగిపోతుంది. ఎందుకు?

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. ఇంజిన్ ఆపగానే పైన ఉన్న ఆయిల్ మెల్లగా కింది చాంబర్‌లోకి దిగిపోతుంది. మళ్లీ సెల్ఫ్ కొట్టినప్పుడు పంపు ఆ ఆయిల్‌ను లాగి, ఫిల్టర్ గుండా నెట్టి, దారులన్నీ నింపి, పైన వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ దాకా చేర్చాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో దీనికి ఒకటి రెండు సెకన్లు చాలు, ఎందుకంటే దారుల్లో ఆయిల్ పూర్తిగా ఖాళీ కాదు. దాన్ని ఖాళీ కాకుండా ఆపేది ఫిల్టర్ లోపల ఉండే చిన్న రబ్బరు మూత. ఇంజిన్ ఆగాక ఆయిల్ వెనక్కి జారకుండా అది మూసుకుంటుంది.

నాసిరకం ఫిల్టర్లలో ఈ రబ్బరు కొన్నాళ్లకే గట్టిపడి సరిగ్గా మూసుకోదు. ఫిల్టర్ అడ్డంగానో తలకిందులుగానో బిగించి ఉండే ఇంజిన్లలో దీని ప్రభావం మరీ ఎక్కువ. రాత్రంతా ఆయిల్ కారిపోయి, పొద్దున పంపు ఖాళీ ఫిల్టర్‌ను ముందు నింపుకోవాల్సి వస్తుంది. ఆ రెండు మూడు సెకన్లు పైనున్న భాగాలు పొడిగా కొట్టుకుంటాయి. సంక్రాంతికి ఊరెళ్లి వారం తర్వాత వచ్చి బండి తీసినప్పుడు చప్పుడు ఇంకా ఎక్కువగా ఉండటానికి కారణం కూడా ఇదే.

పరీక్ష తేలిక. కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్, నమ్మకమైన చోట కొన్న అసలు ఫిల్టర్ వేయించి, రెండు మూడు రోజులు పొద్దున పూట వినండి. నా కారు టకటక అలాగే పోయింది. ఇంజిన్ దింపడం గురించి మాట్లాడే ముందు ఈ మెట్టు దాటాల్సిందే, ఎవరేమన్నా సరే.

అసలు ఫిల్టరే వేశాం, గొలుసు లాగినట్టు గరగర ఇంకా వస్తోంది.

అప్పుడు క్రాంక్‌నూ క్యామ్‌నూ కలిపే గొలుసు, అంటే టైమింగ్ చైన్ వైపు చూడాలి. చాలా ఇంజిన్లలో ఆ గొలుసును బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్ కూడా ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఒత్తిడి రాకముందు గొలుసు వదులుగా ఉండి ప్లాస్టిక్ గైడ్లకు కొట్టుకుంటుంది. టెన్షనర్ అరిగినా, గొలుసు సాగినా ఆ గరగర మొదట ఒక సెకను ఉండి, నెలలు గడిచేకొద్దీ మూడు నాలుగు సెకన్లకు పెరుగుతుంది. చప్పుడు ఇంజిన్‌కు బెల్టు ఉండే పక్క నుంచి వస్తుందా అని గమనించండి, గొలుసు మూత సాధారణంగా అటే ఉంటుంది. వాల్వ్ టైమింగ్‌ను మార్చే ఏర్పాటున్న ఇంజిన్లలో క్యామ్ చివరనున్న గేరులో చిన్న పిన్ను ఉంటుంది. అది అరిగినా ఇలాగే ఒకటి రెండు సెకన్లు గరగరలాడుతుంది. గొలుసు సాగిందేమో స్కానర్ పెట్టి చూస్తే క్యామ్, క్రాంక్ మధ్య తేడా రూపంలో కనిపించవచ్చు.

దీన్ని మాత్రం వాయిదా వేయకండి. గొలుసు పళ్లు జారితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోవచ్చు. ఆయిల్ మార్పు ఆలస్యం చేసిన బండ్లలోనే గొలుసులు త్వరగా సాగుతాయి, మురికి పట్టిన ఆయిల్ గొలుసు పిన్నులను తినేస్తుంది.

టాపెట్ సౌండ్ అంటారు, అది ఎలా ఉంటుంది?

తేలికైన టిక్‌టిక్, కుట్టుమిషన్ నడిచినట్టు ఉంటుంది. ఇంజిన్ పై భాగం నుంచి, వాల్వ్ మూత కింద నుంచి వస్తుంది. క్యామ్ షాఫ్ట్ క్రాంక్ వేగంలో సగానికే తిరుగుతుంది కాబట్టి, కింది నుంచి వచ్చే చప్పుడుతో పోలిస్తే దీని వరస నెమ్మదిగా ఉంటుంది.

కొన్ని ఇంజిన్లలో టాపెట్లు ఆయిల్‌తో నిండి వాల్వ్ దగ్గరి సందును తామే సరిచేసుకుంటాయి. రాత్రి వాటిలో ఆయిల్ కారిపోతే పొద్దున కొద్దిసేపు టిక్‌టిక్ మంటాయి. ఆయిల్ మార్చాక కూడా పది పదిహేను నిమిషాలు ఆగకుండా మోగితే ఒకటి రెండు అరిగినట్టో, మురికితో ఇరుక్కున్నట్టో. మిగతా ఇంజిన్లలో సందును సన్నని రేకులుండే ఫీలర్ గేజ్‌తో కొలిచి సరిచేయాలి. ఎంత సందు ఉండాలన్నది మాన్యువల్‌లో ఉంటుంది, అది చూడకుండా చెవితో బిగించే అలవాటు మంచిది కాదు.

సీఎన్‌జీ బండి ఉన్నవాళ్లకు ఒక మాట. గ్యాస్ మీద ఎక్కువ తిరిగితే వాల్వ్ కూర్చునే సీటు అరుగుతుంది, అప్పుడు సందు పెరగదు, తగ్గుతుంది. చప్పుడు లేకుండానే వాల్వ్ పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. "మా బండి చాలా నిశ్శబ్దంగా ఉంది" అని నిశ్చింతగా ఉండకుండా, కంపెనీ చెప్పిన కిలోమీటర్లకు సందు కొలిపించండి.

చలికాలంలో మాత్రమే వస్తుంది, ఐదు నిమిషాల్లో పోతుంది. ప్రమాదమా?

చాలావరకు కాదు. పిస్టన్ అల్యూమినియంతో చేస్తారు. అల్యూమినియం వేడికి పోత ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. వేడెక్కాక సరిగ్గా సరిపోవాలి కాబట్టి చల్లగా ఉన్నప్పుడు బోరులో, అంటే సిలిండర్ గొట్టంలో, కొంచెం వదులుగా ఉంటుంది. ఆ వదులు వల్ల పిస్టన్ అటూ ఇటూ ఒరిగి గోడకు కొట్టుకుంటుంది, చెక్క మీద వేలి కణుపుతో కొట్టినట్టు బోలుగా వినిపిస్తుంది. వేడెక్కేకొద్దీ పిస్టన్ ఉబ్బి చప్పుడు తగ్గిపోతుంది.

విశాఖలోనో నెల్లూరులోనో ఉండేవాళ్లు దీన్ని గమనించకపోవచ్చు. ఆదిలాబాద్‌లో, లంబసింగి వైపు చలి ముదిరిన రోజుల్లో బండి తీసేవాళ్లకు వినిపిస్తుంది. షికాగోలోనో మిన్నెసోటాలోనో సున్నాకు ఎంతో కింద ఉన్న పొద్దుల్లో కారు తీసే మనవాళ్లకు ఇంకా బాగా తెలుసు. ఏళ్ల తరబడి అలాగే తిరిగే ఇంజిన్లున్నాయి. ఆయిల్ తగ్గిపోతున్నా, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తున్నా, చప్పుడు ఆగడానికి పట్టే సమయం నెలనెలా పెరుగుతున్నా మాత్రం బోరు అరిగిందేమో చూపించాలి. కంప్రెషన్ పరీక్షతో తేలుతుంది.

ఇలాగే చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడికి పోయే ఇంకొకటి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ లీకు. అది చిటచిటమంటుంది. ప్యాకింగ్ దగ్గర నల్లని మసి చార కనిపిస్తే అదే. దీన్ని టాపెట్ అనుకుని టాపెట్లు మార్చినవాళ్లు ఉన్నారు.

బేరింగ్ పోయిందని ఎలా తెలుస్తుంది?

చప్పుడు లోతుగా, బరువుగా, ఇంజిన్ అడుగు నుంచి వస్తుంది. టక్ కాదు, దభ్ అన్నట్టు ఉంటుంది. స్టార్ట్ చేసిన మొదటి క్షణంలో, ఆయిల్ ఒత్తిడి రాకముందు, కొన్ని దెబ్బలు గట్టిగా వినిపిస్తాయి. తర్వాత తగ్గినట్టు అనిపించి, ఇంజిన్ బాగా వేడెక్కి ఆయిల్ పలచబడ్డాక మళ్లీ మొదలవుతుంది. రేస్ ఇచ్చి ఒక్కసారిగా వదిలేటప్పుడు స్పష్టంగా దొరుకుతుంది. పిస్టన్ చప్పుడు వేడికి తగ్గుతుంది, బేరింగ్ చప్పుడు వేడికి పెరుగుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం అనుమానాలు తీరతాయి.

నిర్ధారించుకోవడానికి మెకానిక్‌తో మూడు పనులు చేయించవచ్చు. మొదటిది, పెట్రోలు బండి అయితే ఒక్కో సిలిండర్ ఇంజెక్టర్ కనెక్టర్ తీసి వినడం. ఒక సిలిండర్ ఆపినప్పుడు చప్పుడు బాగా తగ్గితే లోపం ఆ సిలిండర్‌లో పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్‌లోనో పిస్టన్‌లోనో ఉంది. టాపెట్ చప్పుడైతే దీనికి మారదు. రెండోది, ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి అక్కడ గేజ్ బిగించి కొలవడం. వేడెక్కిన ఇంజిన్‌కు ప్రతి 1000 ఆర్‌పీఎమ్‌కు సుమారు 10 పీఎస్‌ఐ ఉండాలన్నది మెకానిక్కుల పాత లెక్క, మీ ఇంజిన్‌కు అసలు అంకె మాన్యువల్‌లో ఉంటుంది. మూడోది నాకు బాగా నచ్చినది: దించిన ఆయిల్‌ను తెల్ల గుడ్డలో వడకట్టి, పాత ఫిల్టర్ కోసి ఎండలో చూడటం. రాగి రంగులోనో వెండి రంగులోనో తళుకులు కనిపిస్తే, అవి అయస్కాంతానికి అంటుకోకపోతే, అది బేరింగ్ లోహం అయ్యే అవకాశం ఎక్కువ. అంటుకుంటే ఇనుప భాగాలేవో అరుగుతున్నాయి.

ఈ మూడింటిలో ఒక్కటి కూడా చేయకుండా ఇంజిన్ దించాలంటే ఒప్పుకోకండి.

ఆ చప్పుడుతో బండి నడపొచ్చా?

రెండు సెకన్లలో ఆగేదైతే షెడ్డు దాకా నెమ్మదిగా వెళ్లొచ్చు. ఆయిల్ దీపం ఆరకపోయినా, దారిలో మళ్లీ వెలిగినా, లోతైన దబదబ వినిపించినా వెంటనే ఇంజిన్ ఆపి లారీ మీద ఎక్కించి తీసుకెళ్లండి. బేరింగ్ అరిగిన దశలో ఆపితే బేరింగులు, క్రాంక్ లేత్ పనితో బయటపడవచ్చు. రాడ్ విరిగి బ్లాకును చీల్చాక ఇక బాగుచేసేది ఏమీ ఉండదు.

డీజిల్ బండి ఎలాగూ మోగుతుంది కదా?

మోగుతుంది. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ఉండదు, నొక్కుకున్న గాలి వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఇంజిన్ చల్లగా ఉంటే అంటుకోవడం కొంచెం ఆలస్యమవుతుంది, ఈలోగా చేరిన డీజిల్ అంతా ఒక్కసారి భగ్గుమంటుంది. అదే పొద్దుటి గట్టి టకటక. కామన్ రైల్ ఇంజిన్లలో ముందుగా కొద్ది చుక్క చిమ్మి ఆ దెబ్బను మెత్తబరుస్తారు.

ఒక్క సిలిండర్ మాత్రమే గట్టిగా కొడుతున్నట్టు వరస తప్పి వినిపిస్తే, తెల్ల పొగ కూడా వస్తే, ఇంజెక్టర్ గానీ, చల్లని సిలిండర్‌ను వేడి చేసే గ్లో ప్లగ్ గానీ అనుమానించాలి. ఇక్కడ ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి: పాత డీజిల్ బండ్లలో చేసినట్టు, నడుస్తున్న కామన్ రైల్ ఇంజిన్ ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేయొద్దు, ఎవరినీ చేయనివ్వొద్దు. అందులో ఒత్తిడి 1000 బార్ దాటవచ్చు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పరీక్ష స్కానర్‌తో చేయాలి.

పెట్రోలు మంచిది కాకపోతే ఇలా వస్తుందా? ఇథనాల్ కలిపిన పెట్రోలు కారణమా?

పెట్రోలు వల్ల వచ్చే నాకింగ్ స్టార్ట్ చేసినప్పుడు రాదు, బరువు పడినప్పుడు వస్తుంది. తిరుమల ఘాట్‌లోనో శ్రీశైలం ఘాట్‌లోనో పై గేరులో ఎక్కిస్తుంటే గులకరాళ్లు డబ్బాలో ఊపినట్టు వినిపిస్తుందే, అది. గేరు తగ్గిస్తే పోతుంది. ఇథనాల్ ఆక్టేన్ సంఖ్య మామూలు పెట్రోలు కంటే ఎక్కువ, కాబట్టి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు నాకింగ్‌ను పెంచదు. పాత బండ్లలో దానివల్ల రబ్బరు పైపులు, సీళ్లు దెబ్బతినడం వేరే సంగతి. పొద్దుటి టకటకకు పెట్రోలు బంకును నిందించి లాభం లేదు.

వరద నీళ్లలో మునిగిన కారు స్టార్ట్ చేశాక టకటకమంటోంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు ఈ ప్రశ్న ఎన్నో ఇళ్లలో వచ్చింది. గాలి దారిలోంచి సిలిండర్లోకి నీళ్లు చేరితే, పిస్టన్ పైకి లేచి వాటిని నొక్కబోతుంది. గాలిలా నీళ్లు నలగవు. ఆ బలమంతా కనెక్టింగ్ రాడ్ మీద పడి అది వంగిపోతుంది. కొద్దిగా వంగిన రాడ్‌తో ఇంజిన్ స్టార్ట్ అవుతుంది కూడా, కాకపోతే టకటకమంటుంది, కొన్నాళ్లకు రాడ్ విరిగిపోవచ్చు.

కాబట్టి నీళ్లు బానెట్ దాకా వచ్చిన బండికి సెల్ఫ్ కొట్టనే కొట్టొద్దు. బ్యాటరీ తీగ తీసి షెడ్డుకు లాగించండి. స్పార్క్ ప్లగ్గులు విప్పి నీళ్లు బయటికి పంపి, ఆయిల్, ఫిల్టర్లు మార్చాకే స్టార్ట్ చేయాలి. మామూలు ఇన్సూరెన్సులో ఇలాంటి ఇంజిన్ నష్టం ఎక్కువసార్లు రాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకుని ఉండాలి. చెరువుల పక్క కాలనీల్లో, లోతట్టు వీధుల్లో ఉండేవాళ్లు ఈసారి పాలసీ కట్టేటప్పుడు అడిగి మరీ చేర్పించుకోండి.

చప్పుడు అసలు ఇంజిన్‌ది కాకపోవచ్చా?

కాకపోవచ్చు, అది తేలితే ఎంతో డబ్బు మిగులుతుంది. స్టార్ట్ చేసినప్పుడు, ఆపినప్పుడు ఒక్కసారి దబ్బుమని ఊగితే ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు పోయినట్టు. క్లచ్ తొక్కగానే చప్పుడు మారినా, ఆగినా గేర్ బాక్స్ బేరింగో ఫ్లై వీలో చూడాలి. రేకు కంపించినట్టు ఉంటే సైలెన్సర్ మీది వేడి రేకు వదులైంది. బెల్టు తీసి అర నిమిషం నడిపి వింటే ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్ అనుమానాలు తీరతాయి. కొన్ని ఇంజిన్లలో నీళ్ల పంపు కూడా ఆ బెల్టుతోనే తిరుగుతుంది కాబట్టి అంతకు మించి నడపొద్దు.

పొడవాటి స్క్రూ డ్రైవర్ కొసను ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవికి తాకించి వినే పాత పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. తిరిగే బెల్టుకు దూరంగా ఉండండి, చీర కొంగు, చున్నీ, మెడలో గొలుసు జాగ్రత్త.

చిక్కటి ఆయిల్ పోస్తే చప్పుడు తగ్గుతుందంటున్నారు?

తగ్గుతుంది. అదే నన్ను బాధపెడుతుంది. అరిగిన బేరింగ్ చప్పుడును కొన్ని వారాలు దాచి, ఈలోగా క్రాంక్‌ను కూడా పాడుచేస్తుంది. పైగా ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30 లాంటి గ్రేడులో మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ చలిలో త్వరగా పైకి చేరుతుంది. 0డబ్ల్యూ-20 కోసం చేసిన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే పొద్దున పూట అది పైకి ఎక్కడానికి ఇంకా ఆలస్యమవుతుంది, తీర్చాల్సిన లోపాన్నే పెంచుతుంది. చప్పుడు ఆపుతామని అమ్మే సీసాలదీ ఇదే కథ.

స్టార్ట్ చేశాక ఎంతసేపు ఆగి కదలాలి?

అర నిమిషం చాలు. రేస్ ఇవ్వొద్దు. మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. కొత్త పెట్రోలు కార్లు చల్లగా ఉన్నప్పుడు కాసేపు ఎక్కువ ఆర్‌పీఎమ్ మీద గరుకుగా నడుస్తాయి, సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌ను త్వరగా వేడి చేయడానికి అలా అమర్చారు. అది లోపం కాదు.

పాత కారు కొంటున్నాను. ఈ లోపం ఉందో లేదో ఎలా కనిపెట్టాలి?

పొద్దున్నే వెళ్లండి, చెప్పిన సమయానికి అరగంట ముందే. "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందు రోజే చెప్పండి. వెళ్లగానే చేసే మొదటి పని బానెట్ ఎత్తి ఇంజిన్ మీద చెయ్యి పెట్టడం. వెచ్చగా తగిలితే ఎవరో అప్పటికే ఒకసారి వేడి చేసి ఉంచారు, వినాల్సిన చప్పుడు మీరు రాకముందే వచ్చి పోయి ఉండొచ్చు. గొడవ పడక్కర్లేదు, మర్యాదగా ఇంకో రోజు పొద్దున వస్తామని చెప్పండి. చల్లగా ఉంటే డిప్ స్టిక్ చూసి, అమ్మేవారినే తాళం తిప్పమని, మీరు ఇంజిన్ పక్కన నిలబడి మొదటి ఐదు సెకన్లు వినండి.